మధ్యాహ్నపు బిగువు

మట్టి పరీక్షల గదిలో గోడకు ఒక దళసరి అట్ట వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో, ‘పని వేళల్లో నిద్ర నిషేధం’ అని రాసి ఉంటుంది. ఆ అక్షరాలు దిద్దింది బాబాయ్. మేకు కొట్టింది బాబాయ్. నెలకోసారి దుమ్ము దులిపేది బాబాయ్. ఇరవై రెండేళ్ళుగా రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా సరిగ్గా దాని కిందే కూర్చుని నిద్రపోయేదీ బాబాయే.

ఆయనకు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతం కాగితం తప్ప దాన్ని వాడినవాళ్ళు లేరు. రోడ్ల శాఖ ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. నాలుగంతస్తుల భవనంలో అందరికీ మట్టి బాబాయ్. తడిమట్టి ముద్ద చేతిలో పెడితే అరచేతుల మధ్య దారంలా పేని, అది ఎంత సన్నబడ్డాక విరిగిందో చూసి, అందులో నీళ్ళెంత, బంకెంత చెప్పేసేవాడు. మూడు రోజుల తర్వాత యంత్రాలూ అదే మాట చెప్పేవి. అలాంటి మనిషికి కాస్త గీర ఉంటే తప్పు లేదు. కాకపోతే ఆయన గీర మట్టి దగ్గర ఆగలేదు. పక్క గదిలో తారు పరీక్షించేవాళ్ళు భోజనం చేసొచ్చి బల్ల మీద తల వాల్చారంటే చాలు, గుమ్మంలో నిలబడి, “ప్రజల రోడ్లు మన రెప్పల మీద ఉన్నాయి నాయనా” అని మొదలుపెట్టేవాడు. వాళ్ళు లేచి ముఖం కడుక్కునేదాకా వదిలేవాడు కాదు. మట్టి బాబాయ్ కన్ను మూయగా చూసినవాళ్ళు లేరని ఆ భవనంలో పెద్ద పేరు. చూడకపోవడానికి కారణం, ఆయన కన్ను మూసే వేళకి అందరూ పై అంతస్తు క్యాంటీన్‌లో ఉండటం.

ఇక ఆ గదిలో యంత్రం సంగతి. రోడ్డు మీద తారు ఎంత పరిచినా, రైలు పట్టాల కింద కంకర ఎంత పోసినా, చివరికి బరువు మోసేది అడుగునున్న మట్టే. ఒక లారీ దాటితే మట్టి వెంట్రుకవాసి దిగి, మళ్ళీ లేస్తుంది. ఒక్క లారీకి ఏం కాదు. పది లక్షల చక్రాలు దాటాక కూడా అలాగే లేస్తుందా, లేక ఓపిక నశించి కుంగిపోతుందా అన్నది తేల్చడమే ఈ గది పని. జానెడు పొడవున మట్టి స్తంభం చేసి, రబ్బరు తొడుగు తొడిగి, గాజు గొట్టంలో నిలబెట్టి, పైనుంచి ఇనప కడ్డీతో సెకనుకొకసారి నొక్కుతారు. నొక్కినప్పుడల్లా ఎంత దిగిందో కొలుస్తారు. తక్కువ దిగితే బిగువైన మట్టి, ఎక్కువ దిగితే మెత్తటి మట్టి. ఒక్కో మట్టికి పది లక్షల నొక్కులంటే దాదాపు పన్నెండు రోజులు యంత్రం ఆగకుండా నడవాలి.

నడిచేటప్పుడు ఆ యంత్రపు నాలుగు కాళ్ళ ఇనప చట్రం డుబుక్ డుబుక్‌మంటూ సన్నగా ఊగుతుంది. గోడ వైపు మూలలో, చట్రం అడుగు పట్టీ మీద పాత గోనెసంచి మడిచి వేసుకుని, చట్రం కాలికి వీపు ఆనించి కూర్చుంటే, ఆ ఊపు వెన్నులోంచి పైకెక్కి రెప్పల్ని దించేస్తుంది. ఇంట్లో పరుపు మీద అటూ ఇటూ పొర్లే బాబాయ్‌కి అక్కడ ఇట్టే నిద్ర పట్టేది. నిద్ర సుఖమెరగదని ఊరికే అన్నారా. అరగంట కునుకులో పద్దెనిమిది వందల లారీలు ఆయన వెన్ను మీదుగా దాటేవి. రెండింటికి లేచి, గోనెసంచి బీరువా వెనక దోపి, ముఖం కడుక్కుని, తారు గది మీదికి వెళ్ళేవాడు.

ఇలా సాగుతున్న బతుకులోకి మూడు నెలల క్రితం కొత్త మేడమ్ వచ్చింది. ఆ ల్యాబుకి అధికారి ఆమే. ముప్ఫై నిండని పిల్ల. వచ్చిన మొదటి రోజే, “బాబాయ్, మట్టిని దారంలా పేనడం నాకు నేర్పరా? కాలేజీలో నాకెప్పుడూ మధ్యలోనే విరిగేది” అని అరచేతులు చాపింది. అంతకు ముందు పనిచేసిన నలుగురు అధికారులకీ మట్టి ముట్టుకుంటే జలుబు చేసేది. ఈ పిల్ల వారం రోజులు మోచేతుల దాకా బురద పూసుకుని, ఎనిమిదో రోజున అగ్గిపుల్లంత దారం పేని చూపించింది. ఆ రోజు నుంచి ఆమె మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు బాబాయ్.

ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మూడు నెలల పని చూసి హెడ్డాఫీసు నుంచి వచ్చే కమిటీ బాగుందంటే ఉంటుంది, లేకపోతే లేదు. కాబట్టి ఆమె పట్టుదలగా పని మొదలుపెట్టింది. అప్పటిదాకా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ముల్లు చూసి నోట్‌బుక్కులో రాసుకునేవాళ్ళు. ఆమె కంప్యూటరు తగిలించింది. అది ప్రతి నొక్కునీ రాసుకుంటుంది. ఒంటిగంటన్నరకి కూడా.

“బాబాయ్, ఇలా రండి” అంది రెండో వారంలో. “రోజూ ఒంటిగంటన్నరకి మట్టి బిగుసుకుంటోంది. రెండింటికి మళ్ళీ సడలిపోతోంది. ఎందుకంటారు?”

బాబాయ్ తెర వంక చూశాడు. నున్నగా పోతున్న గీత మీద రోజుకొక బొప్పి. అది తన కునుకు వేళ అని మాత్రం వెంటనే తెలిసింది. దానికీ తనకీ సంబంధం ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చొక్కా వెనక గోనె పీచు ఏమైనా అంటుకుందేమోనని దులుపుకున్నాడు.

“కరెంటు ఎక్కువ తక్కువలు అయ్యుంటాయి మేడమ్” అన్నాడు.

ఆమె కరెంటు కొలిచింది. తేడా లేదు. గది వేడి కొలిచింది. తేడా లేదు. మట్టి మార్చింది. ఎర్రమట్టి, నల్లమట్టి, రైలు కట్ట కింద నుంచి తవ్వి తెచ్చిన గులకమట్టి, అన్నీ ఒంటిగంటన్నరకి బిగుసుకున్నాయి. చివరికి ఒకరోజు క్యాంటీన్‌కి వెళ్ళకుండా యంత్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. బాబాయ్ కూడా విధిలేక పక్కనే నిలబడి ఆవలింతలు మింగుకున్నాడు. ఆ రోజు మట్టి బిగుసుకోలేదు. మరునాడూ కాపలా కాసింది. బిగుసుకోలేదు. మూడో రోజు భోజనానికి వెళ్ళింది. బ్రహ్మాండంగా బిగుసుకుంది.

“మనం చూస్తుంటే రాదు బాబాయ్” అంది ఆమె మెల్లగా. “మొహమాటపడుతోంది.”

“కొన్ని మట్టులంతే మేడమ్” అన్నాడు బాబాయ్. రెండు రోజులు నిద్ర పాడైన కోపంలో ఆయన దేనికైనా ఒప్పుకునేలా ఉన్నాడు.

ఆమె దానికి ‘మధ్యాహ్నపు బిగువు’ అని పేరు పెట్టి నలభై పేజీల నివేదిక మొదలుపెట్టింది. పొద్దున్నుంచి దెబ్బలు తిన్న మట్టి మధ్యాహ్నానికి తేరుకుంటుందని అందులో వాదన. ఇకపై బరువు లారీలన్నిటినీ ఒంటిగంటన్నరకీ రెండింటికీ మధ్యే రోడ్డు మీదికి వదలాలని సిఫార్సు. చదువుకున్నవాళ్ళు దారి తప్పితే మామూలుగా తప్పరు, పటాలతో సహా తప్పుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టరు బాబాయ్‌ని తూకం వేసి, మోకాళ్ళు చూసి, పది కిలోలు తగ్గమన్నాడు. ఆ మాట బాబాయ్ తనలోనే దాచుకుందామనుకున్నాడు గానీ, పక్కన పిన్ని ఉంది. పిన్ని ముప్ఫై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. చెప్పడానికి పిల్లలు లేక చేతులు దురదపెడుతున్నాయేమో, సాయంత్రానికల్లా తూకం మిషన్ కొనేసింది. గళ్ళ కాగితం ఒకటి వంటింటి అలమర తలుపుకి అంటించింది. ప్రతి ఆదివారం పొద్దున బాబాయ్ మిషనెక్కడం, పిన్ని కళ్ళద్దాలు సవరించుకుని కాగితం మీద చుక్క పెట్టడం, స్కేలుతో గీత కలపడం. తొంభై ఆరు దగ్గర మొదలైన చుక్కలు దిగడం మొదలుపెట్టాయి.

బాబాయ్‌కి ఆకలి తప్ప మిగతా అంతా బాగానే ఉంది. మధ్యాహ్నపు నిద్ర అయితే మునుపటికన్నా కమ్మగా పడుతోంది. ఊపు కూడా కాస్త పెరిగినట్టనిపించింది. సన్నబడితే ఒళ్ళు తేలికవుతుంది, తేలికైన ఒళ్ళు బాగా ఊగుతుంది అనుకున్నాడు.

మేడమ్ ముఖం మాత్రం రోజురోజుకీ వాడిపోయింది. “తగ్గిపోతోంది బాబాయ్” అంది ఒక శనివారం. “వారం వారం మధ్యాహ్నపు బిగువు తగ్గిపోతోంది. ఇంకో పది రోజుల్లో కమిటీ వస్తుంది. అప్పటికి మొత్తం పోతే నేను ఏం చూపించను?” అని వారానికొక చుక్క పెట్టిన కాగితం అచ్చుతీసి ఆయన చేతిలో పెట్టింది. “మీరూ కాస్త ఆలోచించండి. మట్టి మీ మాట వింటుంది.”

బాబాయ్ ఆ కాగితం మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి పోయాడు. సంచి సర్దుతూ పిన్ని దాన్ని విప్పింది.

“ఇదేంటండీ” అంది. “మీ బరువు కాగితం ఆఫీసులో ఎవరికి చూపిస్తున్నారు?”

“అది నా బరువు కాదు. మట్టి బిగువు.”

“లెక్కల టీచర్ని పట్టుకుని నాకే చెబుతారా. ఇదిగో మొదటి వారం. ఇదిగో తగ్గింది. ఇదిగో మళ్ళీ తగ్గింది. అయిదో వారం మీ చెల్లెలింటికి పోయి మూడు రోజులు మెక్కొచ్చారు కదా, ఇదిగో, ఇక్కడ లేచింది.” పిన్ని ఆ కాగితాన్ని తీసుకెళ్ళి అలమర తలుపు మీది కాగితం పక్కన పెట్టింది. రెండు గీతలూ కవల పిల్లల్లా ఉన్నాయి. “పైగా మన కాగితం కన్నా నీటుగా ఉంది. ఎవరు గీశారు?”

బాబాయ్ వంటింటి స్టూలు మీద కూలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ కునుకు మొత్తం కంప్యూటర్లోకి ఎక్కి కూర్చుంది. మట్టి కాదు బిగుసుకుంటోంది. యంత్రం పట్టీ మీద తన బరువు పడినప్పుడు ఏదో అవుతోంది. ఏమవుతోందో ఆయనకు అంతుబట్టలేదు గానీ, ఎవరి వల్ల అవుతోందో మాత్రం తెలిసిపోయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన ముందు రెండు దారులున్నాయి. నిజం చెబితే, తారు గది వాళ్ళ ముందు, ఆ ఎర్ర అక్షరాల అట్ట ముందు, రిటైరుమెంటుకి ఏడాది ఉందనగా నిద్రమొహం వాడిగా నిలబడాలి. చెప్పకపోతే, దారం పేనడం నేర్చుకున్న ఆ పిల్ల కమిటీ ముందు నవ్వులపాలై ఉద్యోగం పోగొట్టుకోవాలి. బాబాయ్ ఈ రెండూ వదిలేసి మూడో దారి పట్టాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అందరికీ చెప్పే మనిషి, మోకాలి లోతు దిగాడు.

సోమవారం ఒంటిగంటన్నరకి గోనెసంచి పరుచుకుని కూర్చున్నాక, బీరువాలోంచి తెచ్చిన రెండు మట్టి శాంపిల్ సంచుల్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కోటి అయిదు కిలోలు. తగ్గిన పది కిలోలకీ పది కిలోలు సరి. భోజనం నుంచి వచ్చి తెర చూసిన మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

“బతికొచ్చింది బాబాయ్” అంది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి.

ఆ కళ్ళు చూసి బాబాయ్ మంగళవారం నాలుగు సంచులు పెట్టుకున్నాడు. బుధవారం ఆరు. రెండు ఒళ్ళో, రెండు భుజాల మీద, రెండు కాళ్ళ మీద. ఎంత బరువు మోస్తే అంత బిగువు. అయితే ఒక చిక్కొచ్చింది, నిద్ర మాత్రం పట్టలేదు. సంచులు గుచ్చుకోవడం వల్ల అనుకున్నాడు. అసలు ఊపే రావడం లేదని ఆయన గమనించలేదు. చెవి పక్కన డుబుక్‌మంటూనే ఉంది, ఒంటికి మాత్రం ఏమీ తెలియడం లేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు మట్టి సంచుల్ని ఎత్తుకుని, కళ్ళు తెరిచి, తలెత్తి, గోడ మీది తన రాతనే చదువుకుంటూ అరగంట గడిపేవాడు.

సాయం చేయబోయి ఆయన చేసిందేమిటంటే, నివేదిక నలభై పేజీల నుంచి డెబ్భైకి పెరిగింది. ‘కమిటీ సభ్యులకు ప్రత్యక్ష ప్రదర్శన’ అని కొత్తగా చివర ఒక ముక్క చేరింది.

ఆ ముక్క బాబాయ్ రెండుసార్లు చదివాడు. కమిటీ రావడానికి ముందురోజు గొంతు సవరించుకుని మేడమ్ బల్ల ముందు నిలబడ్డాడు.

“మేడమ్, ఒక మాట. ఆ బిగువు మట్టిది కాదేమో.”

ఆమె తలెత్తి ఆయన వంక ఆరాధనగా చూసింది. “మీకెలా తెలిసింది బాబాయ్? నేనూ పొద్దున్నుంచి అదే అనుకుంటున్నా. అది మట్టిది కాదు, మట్టి రేణువుల మధ్య నీళ్ళది. మీ అనుభవం ముందు మా చదువులెందుకు” అని, అప్పటికప్పుడు తొమ్మిదో అధ్యాయం మొదలుపెట్టింది. దాని మొదటి పేజీలో బాబాయ్‌కి కృతజ్ఞతలు కూడా చెప్పింది. బాబాయ్ దొంగకు తేలు కుట్టినట్టు బయటికి వచ్చేశాడు.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు ఏం చెప్పినా రాసుకునేవాళ్ళు. మూడో ఆయన పెద్దాయన. తెల్లటి మీసాలు, మందపాటి బూట్లు, నలభై ఏళ్ళు రైలు కట్టల వెంట నడిచిన కాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి బాబాయ్‌తో సహా అందరూ గాజు తలుపు ఇవతల గదిలో తెర ముందు చేరారు. యంత్రం అవతల గదిలో ఒంటరిగా డుబుక్ డుబుక్‌మంటోంది.

“మనం లోపలికి వెళ్ళకూడదు సార్” అంది మేడమ్. “మనుషులుంటే రాదు.”

“సిగ్గా?” అన్నాడు పెద్దాయన.

“మొహమాటం సార్.”

రాసుకునే ఇద్దరూ అది కూడా రాసుకున్నారు.

ఒంటిగంటన్నర అయింది. గీత నున్నగా పోతోంది. ఒంటిగంటా ముప్ఫై అయిదు. నున్నగానే పోతోంది. మేడమ్ పెదవి కొరుక్కుంది. “ఒక్కోసారి రెండు నిమిషాలు ఆలస్యం చేస్తుంది సార్” అంది. ఒంటిగంటా నలభై. రాసుకునేవాళ్ళలో ఒకరు దగ్గినట్టు చేసి నవ్వు ఆపుకున్నారు. మేడమ్ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ వేళ్ళు గాల్లోనే ఏదో పేనుతున్నాయి. తను నేర్పిన దారమే. అది చూశాక బాబాయ్ ఇక నిలబడలేకపోయాడు. పరువు ఎవరిది పోతే ఏం, ఈ పిల్లది మాత్రం పోకూడదు అనుకున్నాడు.

గాజు తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. “బాబాయ్, వద్దు, అది మొహమాటపడుతుంది” అని మేడమ్ వెనక నుంచి పిలుస్తున్నా వినలేదు. బీరువా వెనక నుంచి గోనెసంచి లాగాడు. మడిచి, పట్టీ మీద వేసి, ఎర్ర అక్షరాల అట్ట కింద కూర్చుని, చట్రం కాలికి వీపు ఆనించాడు.

తెర మీద గీత లేచింది.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. గీత దిగింది. కూర్చున్నాడు. లేచింది. తలుపు బార్లా తెరిచి, తెరను గుమ్మం వైపు తిప్పి, అందరూ లోపలికి వచ్చేశారు.

“మధ్యాహ్నపు బిగువు నేనేనమ్మా” అన్నాడు బాబాయ్, మేడమ్ వంక చూడలేక నేల చూస్తూ. “మట్టి తప్పు లేదు, నీ తప్పూ లేదు. రోజూ ఇక్కడ కూర్చుని నిద్రపోతాను.”

“ఎంత కాలంగా?” అన్నాడు పెద్దాయన.

“ఇరవై రెండేళ్ళు సార్.”

“అంతకు ముందు?”

“అంతకు ముందు ఈ యంత్రం లేదు సార్.”

పెద్దాయన మీసం కదిలింది. ఆయనకు కోపం వచ్చిందో ఇంకేం వచ్చిందో ఎవరికీ తెలియలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తెర వంక వంగాడు. “ఇంకోసారి కూర్చో” అన్నాడు. బాబాయ్ కూర్చున్నాడు. “లే.” లేచాడు. “కూర్చో.” పది సార్లయింది. బాబాయ్ చాలా సార్ అన్నట్టు చూశాడు.

“మట్టిని పది లక్షల సార్లు నొక్కుతారు, నువ్వు పదిసార్లకే అలా చూస్తావేం” అన్నాడు పెద్దాయన. “ఒకటి రెండు సార్లు ఏదైనా నిలబడుతుంది. మళ్ళీ మళ్ళీ అయితేనే సంగతి తెలిసేది. కూర్చో.”

రాసుకునేవాళ్ళలో ఒకరు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దగ్గర బాబాయ్ మోకాళ్ళు కీచుమన్నాయి. ముప్ఫై దగ్గర చొక్కా తడిసింది. నలభయ్యో సారి కూర్చున్నాక ‘లే’ అన్న మాట ఆయనకు వినపడలేదు. ఆకలి కడుపు, అలిసిన కాళ్ళు, ఒళ్ళో సంచులు లేవు, వెన్నులో పాత ఊపు. వారం రోజుల నిద్ర ఒక్కసారిగా వచ్చి మీద పడింది. కమిటీ ముందు, మేడమ్ ముందు, తలుపు దగ్గరికి చేరిన తారు గది వాళ్ళందరి ముందు, మట్టి బాబాయ్ నోరు తెరిచి గురక పెట్టాడు.

“లేపనా సార్?” అంది మేడమ్.

“వద్దు, మంచి పని చేస్తున్నాడు” అన్నాడు పెద్దాయన. ఆ వయసులో నేల మీద బోర్లా పడుకుని, బూట్లు గాల్లోకి లేపి, చట్రం కాళ్ళ కింద చూశాడు. బాబాయ్ కూర్చున్న మూల కాలు, డుబుక్‌మన్నప్పుడల్లా నేలకు తగిలీ తగలకుండా లేస్తోంది. పెట్టిన రోజు నుంచే ఆ కాలు నేలకు ఆనలేదు. కుంటి బల్ల మీద చెయ్యి పెడితే ఎలా ఊగుతుందో, ఇరవై రెండేళ్ళుగా యంత్రం అలా ఊగుతోంది. ఆ ఊగినదంతా మట్టే దిగిందని మట్టి నెత్తిన రుద్దుతోంది. బాబాయ్ బరువు పడినప్పుడు మాత్రం కాలు నేలకు అణిగి, ఊపు తగ్గి, మట్టి అసలు బిగువు కొద్దికొద్దిగా బయటపడుతోంది.

“దళసరి అట్ట ఏదైనా ఉందా?” అని కింద నుంచి చెయ్యి చాపాడు.

మేడమ్ చుట్టూ చూసింది. చేతికందే దూరంలో ఉన్నది ఒక్కటే. మేకు నుంచి దాన్ని లాగి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. ‘పని వేళల్లో నిద్ర నిషేధం’ చట్రం కాలి కిందికి దూరింది. పెద్దాయన బూటు మడమతో రెండు తాపులు తన్నాడు. ఊపు ఆగిపోయింది.

బాబాయ్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. “ఏమైంది, కరెంటు పోయిందా?” అన్నాడు.

కరెంటు పోలేదు. కడ్డీ నొక్కుతూనే ఉంది. తెర మీద గీత నిలువునా లేచి, ఆరు సంచులు మోసిన బుధవారం ఎక్కడి దాకా వెళ్ళిందో అక్కడ నిలబడిపోయింది. బాబాయ్ లేచినా దిగలేదు. కూర్చున్నా లేవలేదు. ఆయనతో దానికిక పని లేకుండా పోయింది.

పెద్దాయన బట్టలు దులుపుకున్నాడు. “ఈ గదిలో కొలిచిన ప్రతి మట్టీ అసలు కన్నా మెత్తగా కనపడింది. అందుకే మీ రోడ్లన్నీ అవసరానికి మించి మందంగా వేశారు. ఇక్కడ రోడ్లు గుంతలు పడవేమిటా అని హెడ్డాఫీసులో అందరూ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాం” అన్నాడు. తర్వాత మేడమ్ వైపు తిరిగాడు. “నీ వాదన తప్పు. ఆ డెబ్భై పేజీలూ చింపెయ్. కానీ ఇరవై రెండేళ్ళలో ఈ యంత్రం తేడాగా ఉందని ఎవరికీ కనపడలేదు, నువ్వొచ్చిన రెండో వారంలో కనపడింది. పాత మట్టులన్నీ మళ్ళీ కొలవాలి. రెండేళ్ళ పని. అప్పటిదాకా నిన్ను ఎక్కడికీ కదలనివ్వను.”

“మరి బాబాయ్ సంగతి సార్?” అంది ఆమె.

రాసుకునేవాళ్ళు కలాలు పట్టుకుని సిద్ధమయ్యారు. తారు గది వాళ్ళు మెడలు చాపారు. బాబాయ్ తల వంచుకున్నాడు.

“ఉన్నది ఉన్నట్టు రాయండి” అన్నాడు పెద్దాయన. “ఇరవై రెండేళ్ళలో ఈ యంత్రం కాస్తయినా నిజం చెప్పింది ఈ మనిషి నిద్రపోయినప్పుడే.”

ఆ వాక్యం నివేదికలోకి ఎక్కింది. భవనంలో నాలుగంతస్తులకీ ఎక్కింది. తారు గది వాళ్ళు వారం రోజుల పాటు బాబాయ్ ఎదురైనప్పుడల్లా, “ప్రజల రోడ్లు మీ రెప్పల మీద ఉన్నాయి బాబాయ్” అని దణ్ణాలు పెట్టారు. ఆయన పడ్డాడు. పడాల్సినదే అనుకున్నాడు. ఇంట్లో పిన్ని మొత్తం విని, “ఆఫీసులో మీరు చేసే పని కూర్చోవడమేనా, అదైనా సరిగ్గా చేశారు” అని, ఆదివారం మళ్ళీ మిషనెక్కించింది. బాబాయ్ ఎక్కే ముందు వంగి దాని నాలుగు కాళ్ళూ తడిమి చూశాడు. నాలుగూ నేలకు గట్టిగా ఆని ఉన్నాయి.

ఈ తిప్పలన్నిటికన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. ఆయనకిక నిద్ర పట్టలేదు. ఒంటిగంటన్నరకి అలవాటు కొద్దీ వెళ్ళి పట్టీ మీద కూర్చునేవాడు. చట్రం బండరాయిలా ఉండేది. మట్టి బిగుసుకుంది, యంత్రం బిగుసుకుంది, వాటితోపాటు తన రెప్పలూ బిగుసుకుపోయాయి. గోడ మీద ఉన్నన్నాళ్ళూ ఎవరి నిద్రనీ ఆపలేని ఆ అట్ట, కాలి కిందికి పోయాక ఒక మనిషి నిద్ర ఆపేసింది. బాబాయ్ ఎవరితోనూ అనలేదు. అనడానికి ముఖం లేదు. మేడమ్‌తో మాట్లాడటం కూడా తగ్గించి, మట్టి దారాలు పేనుకుంటూ మూల కూర్చునేవాడు.

మూడో వారం శుక్రవారం ఒక ఎర్రమట్టికి పది లక్షలు పూర్తయ్యాయి. కొత్త మట్టి సోమవారం పెట్టాలి. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై అయిదుకి అందరూ క్యాంటీన్‌కి వెళ్ళారు. మేడమ్ మాత్రం వెళ్ళలేదు. ఖాళీ యంత్రానికి పనికిరాని పాత మట్టి ముక్క ఒకటి పెట్టి, స్విచ్చి వేసింది. కంప్యూటరు తీగ పీకేసింది. తర్వాత నేల మీద మోకాళ్ళూని, చట్రం కాలి కింద నుంచి మడతల అట్టను లాగి చేతిలోకి తీసుకుంది. యంత్రం డుబుక్‌మంటూ పాత పద్ధతిలో ఊగడం మొదలుపెట్టింది.

మూల నుంచి బాబాయ్ లేచి వచ్చాడు. “ఇదేంటమ్మా? ఏ మట్టికి ఈ పరీక్ష?” అన్నాడు.

ఆమె బీరువా వెనక నుంచి గోనెసంచి తీసి, మడిచి, పట్టీ మీద పరిచింది.

“రికార్డు లేదు బాబాయ్, ఊరికే నడుస్తుంది” అంది. అట్టను చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆగింది. “రెండింటికి వచ్చి ఇది మళ్ళీ పెట్టేస్తాను. అప్పటిదాకా లారీల్ని మీరు చూసుకోండి.”